బలం చాలనిచోట దూరం ఇవ్వండి

పెరట్లో మూలనున్న పాత రుబ్బురోలు పక్కకు జరపాలి. అక్కడ వాషింగ్ మెషిన్ పెట్టాలని ఇంట్లో నిర్ణయమైపోయింది. మన ఇళ్లలో ఈ పని ఎలా మొదలవుతుందో అందరికీ తెలిసిందే. "ఒరేయ్, ఒక చెయ్యి వెయ్యరా" అని కేక. పక్కింటి కుర్రాడు వస్తాడు, బావమరిది పంచె పైకి కడతాడు, నలుగురూ నాలుగు వైపులా వంగి "ఊఁ" అంటారు. రోలు జానెడు జరుగుతుంది. ఒకరి కాలి వేలు నలుగుతుంది, ఇంకొకరికి నడుం పట్టేస్తుంది. ఆ రాత్రి ఇల్లంతా నొప్పుల మందు వాసన.

ఇదే పనిని అరవై ఏళ్ల మనిషి ఒక్కడే చేయగలడు. అతనికి కావలసింది ఒక గడ్డపార, ఒక ఇటుక, రెండు మూడు చెక్క ముక్కలు, ఒక బల్లచెక్క, మూడు ఇనప పైపు ముక్కలు. రోలు బరువు వంద కిలోలనుకుందాం. ఒక అంచు పైకి లేవాలంటే అందులో సగం, అంటే యాభై కిలోల బలం కావాలి. గడ్డపార పొడవు మీటరున్నర. మొన రోలు కింద దూర్చి, మొనకు పది సెంటీమీటర్ల దూరంలో ఇటుక ఆనించారు. ఇటుకకు ఇవతల నూట నలభై సెంటీమీటర్లు మిగిలింది. పదికి నూట నలభై, అంటే పద్నాలుగు రెట్లు. ఆ కొసన నాలుగు కిలోల బలం పెడితే చాలు, రోలు అంచు లేస్తుంది. నిండు నీళ్ల చెంబు ఎత్తే మనిషి కూడా ఆ మాత్రం బలం పెట్టగలడు.

లేచిన అంచు కింద చెక్క ముక్క దూర్చాలి. వేళ్లు మాత్రం ఎప్పుడూ పెట్టకండి. మరో పక్క కూడా అలాగే లేపి చెక్క దూర్చాలి. మధ్యలో బల్లచెక్క, దాని కింద అడ్డంగా పైపులు. ఇక రోలు బల్ల మీద కూర్చుని దొర్లుతూ పోతుంది. వెనకనుంచి బయటపడ్డ పైపును తీసి ముందు పెట్టుకుంటూ పోవడమే పని. నేల మెత్తగా ఉంటే పైపులు దిగబడతాయి కాబట్టి వాటి కింద కూడా రెండు బల్లలు పరచుకోవాలి. ఈ చిన్న జాగ్రత్త మరిచిపోయి, "ఇవన్నీ పుస్తకాల్లోనే పనిచేస్తాయండీ" అనేవాళ్లు మనలో చాలామంది.

ఇంతకీ బరువు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. రోలు అంచు ఒక సెంటీమీటరు లేవడానికి మన చేతిలోని కొస పద్నాలుగు సెంటీమీటర్లు దిగింది. మూడున్నర సెంటీమీటర్లు లేపాలంటే దాదాపు అర మీటరు దిగాలి. ఒక్కసారిగా కట్టలేని సొమ్మును వాయిదాల్లో కట్టడం లాంటిదిది. బాకీ తగ్గదు, ఒక్కో వాయిదా మాత్రం మన జేబు భరించేంత ఉంటుంది. వాయిదాలకు వడ్డీ ఉన్నట్టే ఇక్కడ రాపిడి ఉంటుంది. అంటే లెక్క ప్రకారం మొత్తం శ్రమ కొంచెం పెరుగుతుందే గాని తగ్గదు. అయినా ఈ బేరం మనకు లాభమే. యాభై కిలోలు ఒకేసారి ఎత్తే నడుము మనకు లేకపోవచ్చు, నాలుగేసి కిలోలు ఓపిగ్గా నొక్కే చెయ్యి అందరికీ ఉంటుంది.

ఈ సంగతి తేల్చి చెప్పినవాడు గెలీలియో. 1600 ప్రాంతంలో, ఇటలీలోని పాడువాలో పాఠాలు చెప్పే రోజుల్లో, యంత్రాల మీద ఒక చిన్న గ్రంథం రాశాడు. యంత్రంతో ప్రకృతిని మోసం చేసి తక్కువ బలంతో ఎక్కువ పని రాబట్టొచ్చని ఆనాటి పనివాళ్లు చాలామంది నమ్మేవారట. అది కుదరదని, బలంలో మిగిలింది దూరంలోనో కాలంలోనో చెల్లించాల్సిందేనని ఆయన చూపించాడు. అంతకు చాలా ముందు అలెగ్జాండ్రియాకు చెందిన హీరో ఇలాంటి పరికరాలు ఐదని లెక్కపెట్టాడు: మీట, గిలక, చీల, మర, ఇరుసు మీద తిరిగే చక్రం. తర్వాతివాళ్లు వాలును కూడా చేర్చి ఆరు చేశారు. బడి పుస్తకంలో సరళ యంత్రాలని చదివి, పరీక్ష రాసి, మరిచిపోయినవి ఇవే.

ఆర్కిమెడీస్ కథ కూడా అదే పుస్తకంలో చదివి ఉంటారు. సిరాక్యూస్ రాజు ముందు, మనుషులతోనూ సరుకుతోనూ నిండిన ఓడను, దూరంగా కూర్చుని గిలకల తాడు తాపీగా లాగుతూ కదిలించాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. రాజు నివ్వెరపోయాడంటారు. ఎంత తాడు లాగాడని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. నాకైతే అసలు ప్రశ్న అదే. ఓడ అడుగు కదలడానికి ఆ మనిషి ఎన్నెన్ని బారల తాడు లాగి ఉంటాడో! మెకానిక్ షెడ్డులో చైన్ బ్లాక్‌తో ఇంజన్ లేపడం చూసినవారికి ఇది కొత్త కాదు. పదుల అడుగుల గొలుసు జరజరా లాగితే ఇంజన్ ఒక అడుగు లేస్తుంది. అక్కడ పనిచేసే కుర్రాడికి తొందర ఉండదు. ఆ తొందర లేకపోవడమే అతని బలం.

ఇక బావి గిలక దగ్గరకు రండి. దాని గురించి మనలో ఒక భ్రమ ఉంది. గిలక వేస్తే చేద బరువు తగ్గుతుందనుకుంటాం. ఒకే గిలక దూలానికి బిగించి ఉంటే బరువు ఒక్క గ్రాము కూడా తగ్గదు. పదిహేను కిలోల చేదకు పదిహేను కిలోల పైచిలుకే లాగాలి. మరి హాయిగా ఎందుకుంటుంది? దిక్కు మారింది కాబట్టి. గిలక లేకుండా బావి గట్టు మీద నిలబడి తోడితే వంగి పైకి లాగాలి, మన ఒళ్లు కూడా మనకు భారమే. గిలక ఉంటే కిందికి లాగుతాం, అప్పుడు మన ఒంటి బరువు మన పక్షాన చేరుతుంది.

మన పాత రైతులు ఈ కిటుకును నీళ్ల దగ్గర ఎంత లోతుగా వాడుకున్నారో చూడండి. ఏతం మీద మనిషి దూలం పొడవునా అటూ ఇటూ నడిచేవాడు. అతను ఒక పక్కకు నడిస్తే బాన బావిలోకి దిగేది, రెండో పక్కకు వస్తే నీళ్లతో లేచేది. చేతులతో ఎత్తే పనిని కాళ్లకూ ఒంటి బరువుకూ అప్పగించారన్నమాట. మోట దగ్గర ఎడ్లను పల్లానికి నడిపించేవారు. బాన పైకి వచ్చేటప్పుడు ఎడ్లు కిందికి దిగుతుంటాయి, వాటి బరువు కూడా తాడు లాగుతుంది. ఖాళీ బాన బావిలోకి దిగేటప్పుడు ఎడ్లు వెనక్కి ఎత్తు ఎక్కుతాయి. బరువున్నప్పుడు పల్లం, బరువు లేనప్పుడు ఎత్తు. ఎవరు ముందు ఆలోచించారో తెలియదు గాని, ఈ ఏర్పాటు చూస్తే ఇంజనీరుకు దండం పెట్టబుద్ధవుతుంది.

గిలకతో బరువు నిజంగా తగ్గాలంటే రెండు దారులు. ఒకటి, గిలకను బరువుకే కట్టి, తాడు ఒక కొస పైన దూలానికి ముడివేయడం. అప్పుడు బరువును రెండు పేటల తాడు పంచుకుంటుంది, మీకు సగమే మిగులుతుంది. పది మీటర్లు లేపడానికి ఇరవై మీటర్ల తాడు లాగాలి, అంతే. రెండోది, గిలక బదులు పిడి ఉన్న రాట్నం. తాడు చుట్టుకునే దుంగ వ్యాసార్ధం ఎనిమిది సెంటీమీటర్లు, పిడి ముప్పై రెండు సెంటీమీటర్ల దూరంలో ఉంటే బరువు నాలుగో వంతే తెలుస్తుంది. తిరగలి పిడి మధ్యలో కాకుండా అంచు దగ్గర ఎందుకు పెట్టారో కూడా ఇందులోంచే అర్థమవుతుంది.

వాలుబల్ల అందరూ చూసేదే, సరిగ్గా వాడేవాళ్లే తక్కువ. ధాన్యం బస్తాలు లారీకెత్తే హమాలీలను గమనించండి. బల్ల వేసుకుని దాని మీద నడిచి ఎక్కుతారు. డెబ్బై ఐదు కిలోల బస్తాను రోజంతా ఎత్తే మనిషి కూడా నిట్టనిలువునా ఎక్కాలనుకోడు. మనం మాత్రం స్కూటరును వరండా ఎక్కించడానికి ముందు చక్రం ఎత్తి, వెనక చక్రం ఎత్తి, సాహసం చేస్తాం. వరండా నలభై ఐదు సెంటీమీటర్ల ఎత్తు, స్కూటరు నూట పది కిలోలు అనుకోండి. నూట ఎనభై సెంటీమీటర్ల బల్ల వేస్తే నాలుగో వంతు, అంటే ఇరవై ఎనిమిది కిలోల లోపు తోస్తే చాలు, దానికి కాస్త రాపిడి కలుపుకోండి. ఇంకా పొడుగు బల్ల దొరికితే ఇంకా తేలిక. బల్ల కింది కొస జారకుండా ఇటుక అడ్డు పెట్టడం మరవొద్దు.

చక్రాల కుర్చీ విషయంలో మాత్రం ఈ నాలుగో వంతు వాలు పనికిరాదు. మెట్ల మీద ఒక రేకు వేసి "ర్యాంపు కట్టించాం" అనుకునే కల్యాణ మండపాలు, క్లినిక్కులు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. మనిషితో కలిపి ఎనభై కిలోల కుర్చీని అలాంటి వాలు ఎక్కించాలంటే ఇరవై కిలోల బలం ఎడతెగకుండా పెట్టాలి. చెయ్యి జారితే కుర్చీ వెనక్కి దూసుకొస్తుంది. అందుకే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని నిబంధన పెట్టారు. ఆ లెక్కన తోయాల్సింది ఏడు కిలోల లోపే. అదే నలభై ఐదు సెంటీమీటర్ల వరండాకు దాదాపు ఐదున్నర మీటర్ల వాలు. చోటు లేదంటారా? మలుపు తిప్పి కట్టించండి. మీ ఇంట్లో పెద్దవాళ్లకు రేపు అవసరం పడేది ఇదే.

ఇప్పటిదాకా బయటి పరికరాలు చూశాం. అసలు మీట మీ ఒంట్లోనే ఉంది, పైగా అది మీకు నష్టం చేసే మీట. ఈ అధ్యాయంలో ఒక్క సంగతే గుర్తుంటుందంటే ఇదే గుర్తుండాలని నా కోరిక.

మోచేయి దగ్గర చెయ్యి మడిచి, అరచేతిలో పది కిలోల బియ్యం సంచి పట్టుకోండి. మోచేతి కీలు ఆనిక, అంటే గడ్డపార కింద ఇటుక లాంటిది. దండ కండరం ముంజేతి ఎముకకు అతుక్కునేది ఆ కీలుకు ఐదు సెంటీమీటర్ల లోపు. అరచెయ్యి ఉండేది ముప్పై ఐదు సెంటీమీటర్ల దూరాన. గడ్డపార లెక్క ఇక్కడ తిరగబడింది. పది కిలోలు మోయడానికి కండరం డెబ్బై కిలోల బలంతో లాగాలి. ఎందుకిలా ఉంది? వేగం కోసం. కండరం కొంచెం కదిలితే చెయ్యి చాలా దూరం కదులుతుంది. రాయి విసరడానికి, కొమ్మ అందుకోవడానికి అద్భుతమైన ఏర్పాటు. బస్తాలెత్తడానికి మాత్రం కాదు.

నడుం దగ్గర లెక్క ఇంకా ఘోరం. వంగి బరువెత్తేటప్పుడు నడుం దిగువన వెన్నుపూసల మధ్యనున్న డిస్కు ఆనికగా పనిచేస్తుంది. వీపు కండరాలు దానికి వెనక సుమారు ఐదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. మంచినీళ్ల క్యాను ఇరవై కిలోలు. చేతులు చాచి, నడుముకు నలభై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని లేపితే వీపు కండరాలు ఒక్క క్యాను కోసమే నూట అరవై కిలోలు లాగాలి. అదే క్యానును పొట్టకు ఆనించుకుని ఇరవై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఎనభై కిలోలు. వంగిన మీ మొండెం, తల, చేతుల బరువు దీనికి అదనం. క్యాను అదే, మనిషి అతనే. పట్టుకున్న చోటు మారితే నడుం మీద భారం సగానికి పడిపోయింది.

"మోకాళ్లు మడిచి ఎత్తండి" అని డాక్టర్లు చెప్పే మాట సగం మందికి అరగదు, కారణం చెప్పకపోవడం వల్ల. మోకాళ్లు మడిస్తే బరువుకు దగ్గరగా చేరగలుగుతాం, అసలు కారణమదే. మోకాళ్లు మడిచి కూడా గ్యాస్ సిలిండర్ను అడుగు దూరంలో పెట్టుకుని ఎత్తితే ఉపయోగం లేదు. నిండు సిలిండరులో గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్పై కిలోల దగ్గర్లో ఉంటుంది. దాన్ని ఎత్తడమే ఎందుకు? పెద్ద ఖర్చు లేకుండానే చక్రాల స్టాండు దొరుకుతుంది. స్టాండు లేకపోతే సిలిండర్ను కాస్త వంచి, కింది వలయం అంచు మీద నిలబెట్టి తిప్పుకుంటూ పోవచ్చు. డెలివరీ కుర్రాళ్లు చేసేది అదే. పసిపిల్లను చంకనెత్తుకునే అమ్మమ్మకు ఈ లెక్కలేమీ తెలియవు, అయినా బిడ్డను నడుముకు అంటించుకునే ఎత్తుకుంటుంది. పని మీద ధ్యాస ఉన్నవాళ్ల ఒంటికి ఇది తెలుసు. తొందర ఉన్నప్పుడే మరిచిపోతాం.

ఇదే సూత్రం ఒంటిచక్రం తోపుడు బండికీ వర్తిస్తుంది. బరువు చక్రానికి నలభై సెంటీమీటర్ల దూరంలో, పిడులు నూట ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఉంటే అరవై కిలోల ఇసుకకు చేతులకు తగిలేది ఇరవై కిలోలు. అదే ఇసుకను పిడుల వైపు పోసుకుంటే నలభై దాటుతుంది. బండిని నిందించి లాభం లేదు, నింపడం నేర్చుకోవాలి. సూట్‌కేసులో బరువైనవి చక్రాల వైపు సర్దుకోవాలన్నదీ ఇందుకే.

చీల గురించి ఎక్కువ చెప్పను. బండరాయిలో వరసగా చిన్న రంధ్రాలు తొలిచి, వాటిలో ఇనప చీలలు దించి, సమ్మెటతో ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంటూ పోయే వడ్డెరల పని చూడండి. ఒక్క దెబ్బతో పగలదు, పగలాలని వాళ్లు అనుకోరు కూడా. ఇంట్లో మనకు కావలసిందల్లా కత్తిపీటకు పదును. మొద్దు కత్తి అంటే లావు చీల. అది ఎక్కువ బలం అడుగుతుంది, జారి వేలు కూడా తెగుతుంది.

మర మాత్రం ఆగి చూడాల్సిన పరికరం. కారు జాకీ తీసుకోండి. మర ఒక చుట్టు తిరిగితే ఐదు మిల్లీమీటర్లు లేస్తుందనుకుందాం. పిడి పొడవు ఇరవై ఐదు సెంటీమీటర్లు. ఒక చుట్టులో మీ చెయ్యి దాదాపు నూట యాభై ఏడు సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. కాగితం మీద మూడు వందల రెట్ల పైన లాభం. ఆ లాభంలో సగానికి పైగా రాపిడి తినేస్తుంది. ఇంత వడ్డీ ఏమిటని విసుక్కోకండి. ఆ రాపిడి వల్లే మీరు చెయ్యి తీసినా జాకీ తనంతట తాను కిందికి తిరగదు, కారు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. రాపిడి తగ్గితే పని తేలికవుతుంది, మరీ తగ్గితే బరువు నిలవదు. ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టాలి, బల్లమీద పాదం ఆనేచోట మాత్రం గరుకు ఉండాలి. ఎక్కడ నూనె పుయ్యాలో, ఎక్కడ ఇసుక చల్లాలో తెలిసినవాడే పనివాడు. ఇంకో మాట: జాకీ మీద లేచిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి. జాకీ లేపడానికే. నిలబెట్టడానికి స్టాండు వేరే ఉంటుంది.

మంచి పరికరం చేతికందేంత దూరంలో ఉన్నా మనం ఎందుకు వాడం? మగతనం ఒక కారణం. "ఈ మాత్రానికి గడ్డపారెందుకు, నేను లేనా" అనే మాటలో ఎంత బలం ఉందో అంత అహంకారం ఉంది. రెండోది, పనిని తేలిక చేసుకోవడం సోమరితనం అనుకోవడం. ఇంట్లో ఆడవాళ్లు రోజూ మోసే బిందెలు, బకెట్లు, తడిబట్టల గంపల విషయంలో ఈ రెండో అపోహ ఇంకా బలంగా పనిచేస్తుంది. మూడు చక్రాల బల్ల ఒకటి కొనమంటే "ఇన్నాళ్లూ మొయ్యలేదా" అంటారు. మోశారు, అందుకే ఇవాళ మెట్లెక్కలేకపోతున్నారు. మనుషులు ఎంతైనా మోయగలరన్న భ్రమ చట్టానికి లేదు. ఒంటికి హాని చేసేంత బరువు కార్మికుడితో ఎత్తించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షను చెప్పింది. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన సిఫార్సు, వయోజన పురుష కార్మికుడు మోసే బరువుకు 55 కిలోల హద్దు పెట్టింది. అదీ రోజూ పని చేసి ఆరితేరిన కార్మికుడి సంగతి. ఆఫీసులో కుర్చీకి అతుక్కుని, ఆదివారం ఒక్కపూట బీరువా మీద పడే మనం ఆ లెక్కలోకే రాము.

కాబట్టి బరువు మీద చెయ్యి వేసే ముందు ఒక్క నిమిషం ఊరికే నిలబడి చూడండి. ఎత్తాలా, దొర్లిస్తే సరిపోతుందా? దొర్లించలేకపోతే జార్చొచ్చా? తప్పనిసరిగా లేపాల్సివస్తే ఎక్కడ ఎక్కువ దూరం ఇవ్వగలను? తాడు పొడవుందా, బల్ల పొడవుందా, పిడి పొడవుందా? బిగుసుకున్న నట్టు రాకపోతే మెకానిక్ పానాకు పైపు తొడుగుతాడు, చూసే ఉంటారు. అతను బలం పెంచుకోలేదు, పిడి పొడిగించాడు. అయితే అతి చేస్తే బోల్టు తెగుతుంది. పొడవు పెరిగేకొద్దీ చేతికి బలం ఎంత పడుతోందో తెలియదు కాబట్టి మెల్లగా నొక్కాలి.

ఇంట్లో పెట్టుకోవాల్సినవి పెద్ద ఖర్చేమీ కాదు. ఒక గడ్డపార, ఆరడుగుల గట్టి బల్ల, అంగుళం మందం పైపు ముక్కలు మూడు నాలుగు, పాత చెక్క దిమ్మెలు, మంచి తాడు పది బారలు, రెండు గిలకలు. గిలకలు కొనేటప్పుడు కొక్కెం ఎంత బరువు తట్టుకుంటుందో దాని మీద అచ్చు వేసి ఉందో లేదో చూడండి. అచ్చు లేనిది ఎంత చవకైనా వద్దు. తాడును ఎండలో వదిలేయకండి, నైలాను తాడైనా ఎండకు పెళుసెక్కి ఉన్నట్టుండి తెగుతుంది. పైపు ముక్కల కొసలకు ఆకురాయి పెట్టించండి, చేతులు కోసుకోకుండా.